దసరా సెలవుల్లో అమ్మానాన్నలతో ఒసాకా: ఎనిమిది రాత్రుల్లో టోక్యో కూడా ఇరికించాలా, వద్దా?

సైనిక్‌పురి_శ్రీధర్

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పొడుగు, తిట్టుకోకుండా చదవండి.

ఈ దసరా సెలవులకి జపాన్ వెళ్దామని ఇంట్లో ఖాయం అయిపోయింది. ఖాయం చేసింది నేను కాదు, తొమ్మిదేళ్ల మా వాడు. ఒసాకాలో మారియో పార్కు (యూనివర్సల్ స్టూడియోస్‌లోది) ఉందని ఎక్కడో చూసి రెండేళ్లుగా ప్రాణం తీస్తున్నాడు. నాన్నకి 69, రిటైరయ్యాక విమానం ఎక్కింది కాశీకి వెళ్లినప్పుడు ఒక్కసారే, కాళ్లు ఆడుతున్నప్పుడే తీసుకెళ్లాలని నా ఆత్రం. ఆడుతున్నాయి అంటే కుడి మోకాలు ఒకటి మొండికేస్తోంది, చదునుగా ఉంటే కిలోమీటరు నడుస్తారు, మెట్లంటే మాత్రం ముఖం మాడుతుంది. అమ్మకి 64, గుడ్డు కూడా ముట్టదు. నేను, మా ఆవిడ అన్నీ తింటాం. మొత్తం ఐదుగురం.

సిటీలో ఒక ట్రావెల్ ఏజెంటుని అడిగితే ఎనిమిది రాత్రుల ప్లాన్ ఇచ్చాడు. టోక్యో మూడు, హకోనె ఒకటి, క్యోటో ఒకటి, హిరోషిమా ఒకటి, ఒసాకా రెండు. కాగితం మీద చూస్తే కళ్లు చెదిరాయి. నాన్న కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివి, "ఇది యాత్రా, పరుగుపందెమా?" అన్నారు. ఆ మాటతో నాకూ అనుమానం మొదలైంది. కానీ అంత దూరం వెళ్లి టోక్యో చూడకుండా వస్తే ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో అందరూ "టోక్యో వెళ్లలేదా" అని అడుగుతారు కదా (నవ్వకండి, ఇదీ ఒక టెన్షనే).

నా ప్రశ్నలు: ఒక్క ఒసాకాలోనే ఉండి చుట్టుపక్కలవి చూస్తే ఎనిమిది రాత్రులకి సరిపోయేంత ఉంటుందా, లేక నాలుగో రోజుకే బోర్ కొడుతుందా? హోటల్ ఎక్కడ తీసుకోవాలి? అమ్మ తిండి సంగతి ఏంటి? ఆ జేఆర్ రైలు పాస్ (ఒక్కటి కొంటే దేశమంతా రైళ్లు ఎక్కొచ్చంటారే, అది) కొనాలా? ఇంకోటి, అమ్మ ఒక్కటే అడిగింది, "అక్కడి గుళ్లలో మనల్ని దణ్ణం పెట్టుకోనిస్తారా" అని. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిజాంపేట_వసంత

శ్రీధర్ గారూ, ఆ కాగితం ముందు చించి పారేయండి. మీ నాన్నగారు చెప్పిందే కరెక్టు.

పోయిన అక్టోబరులో మా అత్తయ్య, మావయ్యలతో వెళ్లొచ్చాం. ఏడు రాత్రులు ఒకే హోటల్, ఒసాకాలో నంబా దగ్గర. హోటల్ మారడం అంటే ఏజెంట్లకి ఒక లైను, మనకి సగం రోజు. పొద్దున పది, పదకొండుకల్లా గది ఖాళీ చేయాలి, కొత్త చోట గది మూడింటికి గానీ ఇవ్వరు, మధ్యలో ఐదు పెట్టెలూ, ఒక మోకాలు నొప్పీ, ఆకలేసిన ఒక పిల్లాడూ. అది నాలుగుసార్లు చేయాలంటున్నాడు మీ ఏజెంటు.

నంబా ఎందుకంటే, ఎయిర్‌పోర్ట్ నుంచి నాన్‌కాయ్ రైలు నేరుగా అక్కడికే వచ్చి ఆగిపోతుంది, మామూలు ఎక్స్‌ప్రెస్‌లో ముప్పావు గంట, మనిషికి వెయ్యి యెన్ లోపే. నారా వెళ్లే కింతెత్సు రైలు నంబా నుంచే. ఊరికి అడ్డంగా వెళ్లే మిదొసుజి మెట్రో (ఎర్ర లైను, 1933 నుంచి నడుస్తోంది, ఇంకా నిగనిగలాడుతూ ఉంటుంది) కూడా అక్కడే ఉంది. ఉమెదా వైపు కూడా బాగానే ఉంటుంది, కానీ ఉమెదా భూగర్భం అంటే పది అమీర్‌పేట మెట్రో స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి దీపాలు పెట్టినట్టు ఉంటుంది. నంబా కూడా తక్కువేం కాదు లెండి. మొదటి రోజు సాయంత్రం లిఫ్ట్ ఎక్కడుందో తెలియక తప్పు ద్వారంలోంచి పైకొచ్చి, ఎదురుగా కనిపిస్తున్న హోటల్‌కి చేరడానికి ఇరవై నిమిషాలు తిరిగాం. అందుకే హోటల్ బుక్ చేసేటప్పుడు స్టేషన్‌కి ఎంత దూరం అని కాదు, లిఫ్ట్ ఉన్న ద్వారం నంబరు ఎంత, అక్కడి నుంచి ఎంత దూరం అని చూడండి. నాన్నగారి మోకాలికి ఆ ఒక్క నంబరే తేడా.

గదులు చిన్నవి. మన పూజగది కంటే కొంచెం పెద్దవి అంటే అతిశయోక్తే కానీ పెద్ద అబద్ధం కాదు, రెండు పెట్టెలు ఒకేసారి తెరిచి పరిస్తే మంచం మీంచి దూకి బాత్రూముకి వెళ్లాలి. ఐదుగురికి చిన్న వంటగదితో ఉండే అపార్ట్‌మెంట్ టైపు హోటళ్లు చూడండి. నేల మీద పరుపు వేసే పాతకాలం బస చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, తెల్లారి నాన్నగారిని లేపడానికి ఇద్దరు కావాలి.

ఇక బోర్ సంగతి. మేం చూడాలనుకున్నవాటిలో మూడో వంతు మిగిలిపోయాయి.

అమ్మగారికి చెప్పండి, దణ్ణం నిక్షేపంగా పెట్టుకోవచ్చు. దోతొంబొరి నియాన్ లైట్ల హడావుడికి రెండు సందుల వెనకే హోజెంజి అని చిన్న గుడి ఉంది. అక్కడ ఫుదో అనే దేవుడి విగ్రహం ఒళ్లంతా నాచు పట్టి పచ్చగా ఉంటుంది, ఎందుకంటే వచ్చినవాళ్లంతా గరిటెతో నీళ్లు తీసి ఆయన మీద పోసి దణ్ణం పెట్టుకుంటారు. మా అత్తయ్య చూసిన మరుక్షణం చెంబు కోసం వెతికింది, "ఇది అభిషేకమే కదే" అని. ఫుదో అంటే కదలనివాడు, మన సంస్కృతంలో అచలుడు, ఆయన ఇక్కడి నుంచే వెళ్లాడు. వాళ్లు గుళ్లలో చేసే అగ్నికార్యాన్ని గోమా అంటారు, అది మన హోమమే, నోరు తిరగక అలా అయింది. బెంజైతెన్ అని వీణ పట్టుకున్న దేవత కనిపిస్తే సరస్వతి. ఇవన్నీ మావయ్య చదువుకుని వచ్చి మాకు చెబుతుంటే, గైడు డబ్బులు మిగిలాయి.

క్యోటోకి ఒసాకా స్టేషన్ నుంచి స్పెషల్ ర్యాపిడ్ రైలులో అరగంట, దానికి రిజర్వేషనూ అక్కర్లేదు, ఎక్స్‌ట్రా ఛార్జీ కూడా లేదు. అందరూ కియొమిజు గుడికి పరుగెడతారు, అదంతా ఎత్తు దారి, నాన్నగారికి వద్దు. బదులుగా సాంజూసాంగెన్‌దోకి తీసుకెళ్లండి. చదునుగా ఉంటుంది, సుమారు 120 మీటర్ల పొడవున ఒకే చెక్క మందిరం, లోపల వరసలు వరసలుగా 1001 కన్నన్ (కరుణ దేవత) విగ్రహాలు, వాటి ముందు 28 మంది కాపలా దేవతలు. అందులో మన గరుత్మంతుడు కూడా ఉన్నాడు, ముక్కు చూసి మా అత్తయ్యే కనిపెట్టింది. ఫొటోలు తీయనివ్వరు, అదే మంచిదయింది, అందరం నోరు మూసుకుని చూశాం.

నారా మాత్రం వదలొద్దు, నంబా నుంచి నలభై నిమిషాలు. పిల్లాడికి జింకలు (బిస్కెట్ చూపిస్తే తల వంచి నమస్కారం పెడతాయి, ఆలస్యం చేస్తే చొక్కా లాగుతాయి, ఏ కాగితమైనా తినేస్తాయి, పాస్‌పోర్ట్ జాగ్రత్త). పెద్దవాళ్లకి తోదైజి గుడిలో పదిహేను మీటర్ల బుద్ధుడు. ఆ విగ్రహానికి 752లో కళ్లు తెరిపించే క్రతువు చేసింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆ మాట వినగానే మావయ్య ఇంకో గంట అక్కడే కూర్చున్నారు.

ఒసాకా కోట గురించి ఒక మాట. హిదెయోషి అనే పాలకుడు 1583లో మొదలుపెట్టిన కోట, అంటే మన చార్మినార్ (1591) కంటే ఎనిమిదేళ్లు ముందు. కానీ ఇప్పుడు కనబడే బురుజు 1931లో ఊరివాళ్ల చందాలతో కాంక్రీటులో కట్టింది, లోపల లిఫ్ట్ కూడా ఉంది. గోల్కొండ ఎక్కి పెరిగినవాళ్లకి నవ్వొస్తుంది. బయట కందకం, ఆ రాళ్ల గోడలు చూస్తే చాలు, నాన్నగారు నడవలేకపోతే పార్కులో డబ్బిచ్చి ఎక్కే చిన్న బండి రైలు ఉంటుంది.

బ్యాక్‌ప్యాక్_భాను

వసంత అక్కా, అంతా బాగుంది కానీ జపాన్ వెళ్లి టోక్యో చూడకపోవడం నాకు ఒప్పట్లేదు. అన్నా, ఇలా చేయండి. వెళ్లేటప్పుడు టోక్యోలో దిగి, వచ్చేటప్పుడు ఒసాకా కన్సాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఎక్కేలా టికెట్ తీసుకోండి. హైదరాబాద్ నుంచి ఎలాగూ బ్యాంకాక్‌లోనో సింగపూర్‌లోనో మారాల్సిందే కాబట్టి రేటు పెద్ద తేడా రాదు. టోక్యో మూడు, ఒసాకా ఐదు. మధ్యలో నొజొమి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు), రెండున్నర గంటలు. 1964 నుంచి నడుస్తున్న లైను అది, దాన్ని ఎక్కకుండా వస్తే పిల్లాడు పెద్దయ్యాక అడుగుతాడు. టోక్యో నుంచి ఒసాకా వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ, అంటే ఇ సీటు తీసుకోండి, ఆకాశం బాగుంటే ఫూజీ పర్వతం కనిపిస్తుంది.

రైలు పాస్ మాత్రం వద్దే వద్దు. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి ఒక్కసారిగా 50,000 యెన్ చేశారు. టోక్యో–ఒసాకా ఒక వైపు టికెట్ 14 వేల చిల్లర, రానూపోనూ లెక్కేసినా 30 వేలు దాటదు. పాత వీడియోలు చూసి ఇంకా కొంటున్నారు జనం.

ఒసాకా ఎయిర్‌పోర్ట్ నుంచి అయితే హరూకా రైలు ఎక్కేయండి, నంబాలో దింపుతుంది, కూల్ గా ఉంటుంది.

నిజాంపేట_వసంత

భానూ, నీకు ఇరవై ఆరేళ్లు, వీపున ఒక సంచి. ఆయనకి ఐదుగురు, కనీసం నాలుగు పెట్టెలు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే ఆ షింకన్‌సెన్‌లో ముందే పెద్ద సామాను సీటు బుక్ చేయాలి, ఆ సంగతి చెప్పవేం? టోక్యో ఇంకోసారి వెళ్తారు. లేదా వెళ్లరు. ఏమీ కాదు.

పప్పుచారు_పద్మ

తిండి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా, నాది పక్కా శాకాహారం, పైగా ఒసాకాలో తొమ్మిది రోజులు బతికి వచ్చాను.

ముందుగా బ్యాడ్ న్యూస్. ఒసాకా వాళ్లకి తిండంటే పిచ్చి, ఆ పిచ్చిలో మీ అమ్మగారికి చోటు తక్కువ. తకొయాకి, చూడ్డానికి మన గుంతపొంగణాల్లా గుండ్రంగా, పెనం కూడా అచ్చం అదే, సూదితో తిప్పుతుంటే అమ్మమ్మ గుర్తొస్తుంది, కానీ లోపల ఆక్టోపస్ ముక్క. ఒకొనొమియాకి క్యాబేజీ అట్టు అని చెబుతారు, పైన పంది మాంసం పరుస్తారు, అది తీసేయమన్నా పిండిలోనే గుడ్డు, చేపల రసం. అసలు విలన్ ఈ చేపల రసమే, పేరు దాషి. ఎండిన చేప తురుముని నీళ్లలో మరిగించి తీస్తారు, మనం తాలింపు వేసినంత మామూలుగా వాళ్లు అన్నిట్లో వేస్తారు. కూరగాయల ఉడాన్ (లావు నూడుల్స్) అంటారు, గిన్నెలో ఒక్క మాంసం ముక్క ఉండదు, కానీ ఆ చారు చేపదే. "శాకాహారం" అని చెబితే వాళ్లకి అర్థమయ్యేది ముక్కలు వేయొద్దని మాత్రమే. కాబట్టి మాంసం, చేప, గుడ్డు, దాషి ఏదీ వద్దని జపనీస్‌లో రాసిన కార్డు ఫోన్‌లో పెట్టుకుని చూపించండి. నోటితో చెప్పాలంటే మాంసం "నికు", చేప "సకనా". మా తమ్ముడు ఒకచోట నాతో "నీకు, నీకు, నీకు ఏం కావాలి" అని గట్టిగా అడుగుతుంటే ఆ పక్కనున్న వెయిటరమ్మ పాపం గబగబా మాంసం పేజీ తీసి చూపించింది.

గుడ్ న్యూస్ ఏంటంటే ఊరినిండా ఇండియన్ హోటళ్లు ఉన్నాయి, ఎక్కువ భాగం నేపాల్ వాళ్లు నడిపేవే, నాన్ రొట్టె చేటంత ఉంటుంది, పప్పు అడిగితే చేసిపెడతారు. రోజుకి ఒక పూట అక్కడ, మిగతా రెండు పూటలు గదిలో. కన్వీనియెన్స్ స్టోర్‌లో వండిన తెల్లన్నం డబ్బాలు దొరుకుతాయి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. పెరుగు కూడా దొరుకుతుంది, తియ్యనిదో కాదో ఫోన్ ట్రాన్స్‌లేటర్‌తో చూసి కొనండి, మేం మొదటి రోజు వెనిలా పెరుగుతో ఆవకాయ తిన్నాం, శత్రువుకి కూడా వద్దు. జపాన్ అన్నం కొంచెం జిగురు కాబట్టి పెరుగన్నానికి అద్భుతంగా ఉంటుంది, పులిహోరకి పనికిరాదు.

ఇక్కడి నుంచి పొడులు, ఆవకాయ, గోంగూర తీసుకెళ్లాం, ఇబ్బంది రాలేదు. కానీ చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి ముట్టుకోవద్దు. మాంసంతో చేసినవి సీలు వేసి ఉన్నా జపాన్‌లోకి రానివ్వరు. కరివేపాకు రెమ్మలు, పచ్చి పళ్లు కూడా వద్దు. శ్రీధర్ గారూ, ఇది మీకూ మీ ఆవిడకీ, పెట్టెలో అడుగున దాచుకునే ఐడియా ఏమైనా ఉంటే మానేయండి.

నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఎందుకైనా మంచిదని ఇంట్లోని బుల్లి రైస్ కుక్కర్ మోసుకెళ్లాను. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, మనది 230. స్విచ్ వేసి గంటన్నర కూర్చున్నాం, బియ్యం గోరువెచ్చటి నీళ్లలో నానుతూ ఉన్నాయి. ఎందుకని ఇంటికొచ్చాక మా అబ్బాయిని అడిగితే, వోల్టేజీ సగం కంటే తగ్గితే వేడి ఐదో వంతు కూడా రాదమ్మా అన్నాడు, ఈ ముక్క ముందు చెప్పి చావొచ్చు కదా. ఫోన్ ఛార్జర్లు పనిచేస్తాయి, వాటి మీద 100–240 అని రాసి ఉంటుంది చూడండి. ప్లగ్ మాత్రం రెండు చదును పిన్నులది, అడాప్టర్ కోఠిలోనే కొనేసుకోండి.

సైనిక్‌పురి_శ్రీధర్

పద్మ గారూ, మా అమ్మ మీ పోస్టు చదివించుకుని రెండుసార్లు నవ్వింది, రైస్ కుక్కర్ మాత్రం పెట్టెలోంచి తీయించాను (నిజంగానే పెట్టింది!). వసంత గారూ, మీరు చెప్పిన నీళ్లు పోసే దేవుడు అమ్మకి బాగా పట్టేశాడు.

ఇంకో రెండు డౌట్లు. నాన్నకి బీపీ, షుగర్ మాత్రలు ఉన్నాయి, అన్నీ తీసుకెళ్లొచ్చా? వీసాకి ఎంత ముందు వెళ్లాలి? భాను, నీ ప్లాన్ కూడా మనసులో ఉంది, ఇంకా పూర్తిగా వదల్లేదు.

ఒసాకా_ఓరుగల్లు

నాలుగేళ్లుగా ఒసాకాలో ఉద్యోగం, సొంతూరు వరంగల్. ఒక దిద్దుబాటుతో మొదలుపెడతా. భాను తమ్ముడూ, హరూకా నంబాకి రాదు. అది తెన్నోజి, ఒసాకా, షిన్-ఒసాకా మీదుగా క్యోటో పోతుంది. నువ్వు చెప్పినట్టు ఎక్కితే వీళ్లు రాత్రిపూట తెన్నోజిలో దిగి పెట్టెలతో మెట్రో వెతుక్కోవాలి. నంబాకి నాన్‌కాయే. ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో రెండు కంపెనీల గేట్లూ పక్కపక్కనే ఉంటాయి, పొరపాటు పడటం చాలా ఈజీ.

రైలు పాస్ విషయంలో మాత్రం భాను చెప్పింది వంద శాతం కరెక్టు. దాని బదులు ఇకోకా కార్డు తీసుకోండి, 500 యెన్ డిపాజిట్, మెట్రో, రైలు, బస్సు, కన్వీనియెన్స్ స్టోర్ అన్నిట్లో టక్కుమని తాకిస్తే చాలు. బాబుకి పిల్లల కార్డు అడగండి, పాస్‌పోర్ట్ చూపించి కౌంటర్‌లో తీసుకోవాలి, పదకొండేళ్ల దాకా సగం ఛార్జీ. ఐఫోన్ ఉంటే ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు, ఇండియాలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా కుదరదు. నగదు కూడా ఉంచుకోండి, చిన్న హోటళ్లు, గుళ్లు ఇంకా నోట్ల మీదే నడుస్తాయి.

మాత్రలు. మీ డాక్టరు రాసినవి ఒక నెలకి సరిపడా అయితే ముందస్తు అనుమతి లేకుండా తెచ్చుకోవచ్చు, చీటీ కూడా పెట్టుకోండి. జలుబు మందుల దగ్గరే జాగ్రత్త. సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటిన మందు, కోడీన్ ఎక్కువున్న దగ్గు మందు ఇక్కడ నిషేధం, మన మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేసే బాపతు అవి. స్ట్రిప్పు వెనక పేరు చదివి మరీ సర్దండి.

అక్టోబరు మంచి నెల. పగలు 23, 24 డిగ్రీలు, రాత్రికి పల్చటి స్వెటర్. తుఫాన్ల జోరు తగ్గుతుంది, అలాగని పూర్తిగా పోయినట్టు కాదు. 2018 సెప్టెంబరులో జెబి తుఫానుకి సముద్రం మీద కట్టిన ఆ ఎయిర్‌పోర్ట్ రన్‌వే నీళ్లలో మునిగింది, ఒక నౌక కొట్టుకొచ్చి వంతెనకి గుద్దుకుంది. అందుకని రద్దు చేసుకోగలిగే బుకింగులే చేయండి. ఎర్రాకుల సీజన్ అయితే మీకు దొరకదు, క్యోటోలో అది నవంబరు రెండో సగం నుంచి.

మారియో పార్కు. వారం మధ్యలో, మంగళ, బుధ, గురు ఏదో ఒకటి చూడండి. అక్టోబరు రెండో సోమవారం ఇక్కడ సెలవు, ఆ రోజు గానీ ఆ వారాంతం గానీ వద్దు. టికెట్ రేటు రోజును బట్టి మారుతుంది, ముందే కొనండి. ప్రకటించిన టైము కంటే ముందే గేట్లు తీస్తుంటారు కాబట్టి గంట ముందు చేరండి, రద్దీ రోజుల్లో మారియో భాగానికి లోపలికి వెళ్లాక యాప్‌లో విడిగా టైమ్ టికెట్ తీసుకోవాలి, గేటు దాటిన వెంటనే చేయాల్సిన మొదటి పని అదే. ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పరు. అక్టోబరంతా అక్కడ హాలోవీన్, చీకటి పడ్డాక జాంబీ వేషాలు వేసుకుని దారుల్లో మీద పడతారు. మా ఫ్రెండు పాప ఆ రాత్రంతా నిద్రపోలేదు. మీవాడు ధైర్యస్తుడైతే సరే, నాన్నగారికి ఇష్టమో లేదో ముందే అడగండి. ఆయనకీ అమ్మగారికీ ఆ రోజు పార్కు టికెట్ కొనడమే దండగ నా లెక్కలో. వాళ్లిద్దరినీ మీలో ఒకరు కైయూకాన్ అక్వేరియంకి తీసుకెళ్లండి. ఎస్కలేటర్ మీద ఎనిమిదో అంతస్తుకి ఎక్కించేస్తారు, అక్కడి నుంచి వాలుగా కిందికి దిగుతూ చూడటమే, మోకాళ్ల కోసమే కట్టినట్టు ఉంటుంది. మధ్యలో పెద్ద తొట్టిలో వేల్ షార్క్ తిరుగుతుంటుంది, ముందు బెంచీలు కూడా ఉన్నాయి.

ఎస్కలేటర్ అంటే గుర్తొచ్చింది, ఒసాకాలో కుడివైపు నిలబడతారు, టోక్యోలో ఎడమ. ఒసాకా వాళ్లకి అది ఆత్మగౌరవ సమస్య. మనుషులు కూడా టోక్యో వాళ్లకంటే వాగుడుకాయలు, దారి అడిగితే కబుర్లు మొదలుపెడతారు, పిల్లాడి చేతిలో చాక్లెట్ పెడతారు. మన కోఠి, సుల్తాన్ బజార్ గాలి కొంచెం తగులుతుంది. నంబా దగ్గర దోగుయసుజి అని వంటసామాన్ల వీధి ఉంది, మన బేగంబజార్ స్టీలు దుకాణాల వరసలాంటిది, ఆడవాళ్లని (మా ఇంట్లో అయితే నన్ను) బయటికి లాగడం కష్టం. పక్కనే సకాయ్ ఊరు కత్తులకి పేరు. కూరగాయల కత్తి కొంటే చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి, చేతిసంచిలో పెట్టి ఎయిర్‌పోర్ట్‌లో ఏడ్చినవాళ్లని చూశాను.

టోక్యో గురించి నన్నడిగితే, మీ నాన్నగారి మోకాలి నొప్పి లేకపోతే భాను మాట వినేవాణ్ని.

తార్నాక_మూర్తి

వీసా గురించి క్లుప్తంగా. హైదరాబాద్‌లోనే దరఖాస్తు కేంద్రం ఉంది, చెన్నై పరుగెత్తక్కర్లేదు. టూరిస్టులకి ఇప్పుడు ఇ-వీసా, పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ ఉండదు. ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యోగం లెటరు, వీటితోపాటు ఏ రోజు ఎక్కడుంటారో తేదీలవారీగా రాసిన షెడ్యూలు అడుగుతారు. అది హోటల్ బుకింగులతో సరిపోవాలి. ఒకే హోటల్ అయితే ఆ కాగితం అరపేజీలో అయిపోతుంది, మీ ఏజెంటు ప్లాన్ అయితే రామకోటి. నాన్నగారి ఖర్చు మీరు పెడుతున్నట్టయితే బంధుత్వం రుజువు కూడా పెట్టండి, జనన ధృవీకరణ పత్రంలో ఇంటిపేరు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, మన తెలుగువాళ్లకి ఎప్పుడూ అక్కడే తంటా. దసరా రద్దీ ఉంటుంది, ఆగస్టు చివరికల్లా కాగితాలు సిద్ధం పెట్టుకోండి.

ఒక మెలిక. ఆ ఇ-వీసా నోటీసు ఎయిర్‌పోర్ట్‌లో ఫోన్‌లో ఇంటర్నెట్ ఆన్ చేసి లైవ్‌గా చూపించాలి. స్క్రీన్‌షాట్, ప్రింటు చెల్లవు. షంషాబాద్‌లో మా వియ్యంకుడు ప్రింటు లామినేషన్ చేయించుకుని వచ్చాడు పాపం.

సైనిక్‌పురి_శ్రీధర్

అందరికీ చాలా థాంక్స్. ఈ రోజు ఇంట్లో మీటింగ్ అయింది. ఒసాకా ఎనిమిది రాత్రులు, ఒకే చోట, నంబాలో వంటగది ఉన్న గది, రద్దు చేసుకోగలిగే బుకింగే. నారా ఒక రోజు, క్యోటో రెండు రోజులు విడివిడిగా, మారియో బుధవారం, ఆ రోజు అమ్మానాన్నలని నేను అక్వేరియంకి తీసుకెళ్తాను, జాంబీల దగ్గరికి మా ఆవిడ సై అంది. రెండు రోజులు ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేశాం, నాన్న షరతు అది. షెడ్యూలు కాగితంలో ఆ రెండు రోజులకి ఏం రాయాలో తెలియక "ఒసాకా నగర దర్శనం" అని రాశాను, మూర్తి గారూ, చెల్లుతుందా?

భానూ, సారీ తమ్ముడూ. షింకన్‌సెన్ మాత్రం ఎక్కిస్తున్నా, క్యోటో నుంచి షిన్-ఒసాకాకి పావుగంట ప్రయాణం. ఫూజీ కనపడదు, తెలుసు.

అమ్మ ఇందాకే ఇంకో ప్రశ్న వేసింది. ఆ హోజెంజిలో గరిటె వాళ్లదే వాడాలా, మన ఇంటి రాగి చెంబు తీసుకెళ్లొచ్చా అని. వసంత గారూ, మీరే చెప్పాలి.

నిజాంపేట_వసంత

వాళ్ల గరిటే వాడాలండి, అక్కడ తొట్టి పక్కనే పెట్టి ఉంటాయి. చెంబు ఇంట్లో ఉంచమనండి, ఆ బరువుకి ఇంకో అరకిలో పొడి పడుతుంది.